వియ్యపురాలి కొంగుముడి

ఏదైనా అడిగితే పేరిందేవమ్మ నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. పైట సర్దుకుని లేచేది. అడిగినవాళ్లు వెంట నడవాల్సిందే. పెళ్లిబంతుల్లో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు ఆ చుట్టుపక్కల ఎవరు పాడినా ఆమె దగ్గర నేర్చుకున్నవే. నేర్పేముందు ఒక్కటే షరతు పెట్టేది. "లేనిదే అనండి. దబ్బపండులాంటిదాన్ని కాకిపిల్ల అనండి. గాదెలు నిండినదాన్ని ముష్టిది అనండి. ఉన్నది మాత్రం అనకండి."

ఆమె శిష్యురాలు అచ్చాయమ్మ ఒక గురువారం పెళ్లిలో పాడుతోంది. మగపెళ్లివారు బంతికి కూర్చున్నారు. వియ్యపురాలు సీతారావమ్మ విస్తట్లో బూరె ఒకటి తీసి కొంగున ముడేసుకోవడం అచ్చాయమ్మ కంట పడింది. అప్పటికప్పుడు కట్టి పాడేసింది.

"కడుపు నిండె వదినకు, కన్ను నిండలేదమ్మా,
కొంగు విప్పి చూడరే, కొండంత బూరె!"

పందిరంతా గొల్లున నవ్వింది. "విప్పమ్మా వియ్యపురాలా, మేమూ చూస్తాం!" అన్నాడు పెళ్లికూతురి మేనమామ. సీతారావమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. ముడి విప్పి, బూరె విస్తట్లో పెట్టి, విస్తరి మడిచి లేచిపోయింది.

ఆ తర్వాత అచ్చాయమ్మ ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "ఎంత చమత్కారమే నీకు!" ఆదివారం పొద్దున్నే ఆమె పేరిందేవమ్మ దగ్గరికొచ్చి, సిగ్గూ గర్వమూ కలిసిన గొంతుతో అడిగింది.

"పిన్నీ, ఈ చమత్కారమనే మాట ఎక్కడ పుట్టింది? దాని అర్థమేంటి?"

"నాలుక మీద పుట్టిందంటారు. రుచైనది తగిలితే నాలుక చేసే చప్పుడట," అంది పేరిందేవమ్మ పైట సర్దుకుంటూ. "అర్థం నాకూ సరిగ్గా తెలీదు. సీతారావమ్మ ఇంటికి పోదాం, పద."

కాలవ దాటి మగపెళ్లివారి ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. వాకిట్లో పెళ్లిపందిరి తాటాకు ఇంకా పచ్చి ఆరలేదు. దాని కింద మగాళ్లు పాడె కోసం వెదురు చీలుస్తున్నారు. అచ్చాయమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పేరిందేవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఆర్నెల్లుగా మంచం పట్టి, తమ్ముడి పెళ్లికి కూడా కదల్లేకపోయిన పెద్దకూతురు కనకం తల దగ్గర సీతారావమ్మ కూర్చుని ఉంది. వచ్చినవాళ్లని గుర్తుపట్టింది. గొంతులో కోపం లేదు.

"ఏదీ తినని పిల్ల, తమ్ముడి పెళ్లిబూరె ఒక్క ముక్క నోట్లో పెట్టమ్మా అంది. సారె బూరెలు పదహారో నాటికి గాని రావు కదా. మగపెళ్లివారిమై ఉండి నోరు తెరిచి ఎలా అడగను? ఇంటికొచ్చి నేనే వండి పెట్టాను. 'ఇది పెళ్లిది కాదమ్మా' అని పెదవి మూసేసింది."

తిరుగుదారిలో అచ్చాయమ్మ కాలవగట్టు దాకా నడిచింది. అక్కడ కూలబడింది.

"ఉన్నదే కదా పిన్నీ, నేనన్నది!"

"ఉన్నదే," అంది పేరిందేవమ్మ. "ఆవేళ పందిట్లో రెండొందల నాలుకలు చప్పుడు చేశాయి. చెయ్యవలసిన నాలుక ఒక్కటి మిగిలిపోయింది."