ఐసు పలచగా ఉన్నప్పుడు

నూకరత్నానికి వచ్చిన చిక్కల్లా ఒకటే. ఇవాళ మధ్యాహ్నం ఫోనొస్తుంది. వస్తాననాలా, రాననాలా?

ఫోను చేసేది సముద్రాల అవతల ఒక చలిదేశంలో ఐస్ హాకీ జట్టును నడిపే ఆవిడ. ఆడవాళ్ళకి నెలనెలా జీతమిచ్చి ఆడించే లీగ్ అక్కడ కొత్తగా మొదలైంది. వాళ్ళకో గోల్‌కీపర్ కావాలి. ఏవో పోటీల్లో రత్నం ఆట చూసి, ఈ పిల్లే కావాలని ఆవిడ పట్టుబట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మొన్ననే విశాఖపట్నంలో రత్నానికి సర్కారు ఉద్యోగం కూడా వచ్చింది. ఈ నెల్లోనే చేరాలి. చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

పోనీ ఆ లీగ్ గట్టిదేనా అంటే ఎవరు చెప్పగలరు? ఇంతకుముందూ ఇలాంటివి మొదలయ్యాయి, మూతబడ్డాయి. ఆడేవాళ్ళు పగలంతా ఏ కొట్లోనో పనిచేసి, సాయంత్రం సొంత సామాను మోసుకుంటూ వచ్చి ఆడి, చివరికి విసిగి మానేశారు. ఇప్పుడు మాత్రం స్టేడియాలు నిండిపోతున్నాయట. రత్నం ఫోన్లో చూసింది కూడా. తెల్లటి ఐసు చుట్టూ జనమే జనం. వాళ్ళ మధ్య చిన్న చిన్న ఆడపిల్లలు, తమకి నచ్చిన ఆటగత్తె పేరున్న చొక్కాలు తొడుక్కుని గొంతులు పోయేలా అరుస్తున్నారు. చూస్తూ చూస్తూ రత్నం ఫోను గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది. కల్లో ఆ చొక్కాలన్నిటి మీదా తన పేరే ఉంది.

తెల్లారగానే అమ్మ ఫోను.

"ఏటే నూకాలూ, మతిగాని పోయిందేటి? గవర్నమెంటు వుజ్జోగం వొగ్గేసి అయిసు మీద జారుకుంటా బతుకుతావేటే?"

జాలరిపేట మనిషి. ఆవిడకి ఐసంటే చేపల బుట్టలో వేసేదే. అలాగని ఆవిణ్ణి అనుకునీ లాభం లేదు. "ఈ ఏడాదికి మాటివ్వగలం, పైఏడాది సంగతి చెప్పలేం" అని లీగ్ వాళ్ళే అంటుంటే కన్నతల్లి భయపడదా?

ఇక లాభం లేదని రత్నం కోటు తొడుక్కుని ఆబీలే దగ్గరికి బయల్దేరింది.

ఆబీలే ఎవరంటే, రత్నానికి ఆట నేర్పిన గురువు. లదాఖ్ కొండల్లో ఒక సరస్సుంది. దాని ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊళ్ళో చలికాలం వస్తే ఆడపిల్లలకి ఐస్ హాకీ నేర్పే అవ్వ ఆవిడ. ఏటా చలికాలానికి వచ్చినట్టే రత్నం ఈసారీ ఆ ఊరొచ్చి ఉంది. అసలు పేరు యాంగ్‌జోర్. గురువంటే పొడుగు గడ్డమూ, పులిచర్మమూ ఉండాలనుకునేవాళ్ళు ఈవిణ్ణి చూస్తే ఉసూరుమంటారు. చలికి ముక్కు కారుతూ ఉంటుంది. కోటు జేబుల నిండా ఎండు ఆప్రికాట్లు. ఒడ్డున నిలబడి అవి నములుతూ ఆట చూస్తుంది, అంతే. రత్నమూ ఆవిడా మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలో. అదీ అవసరమైతేనే.

రత్నం బీచ్ రోడ్డులో చక్రాల బూట్ల మీద హాకీ నేర్చుకున్న పిల్ల. మొదటి చలికాలం ఇక్కడికొచ్చి ఐసు మీద కాలు పెట్టిందో లేదో దభీమని పడింది. ఒడ్డు నుంచి ముసలావిడ మెల్లగా అంది.

"రత్నం లే."

రత్నానికి ఒళ్ళు మండిపోయింది. తెలుగు బొత్తిగా రాని మనిషి, ఈ ఒక్క ముక్క ఎక్కడ నేర్చుకుందో! అయ్యో అనదు, చెయ్యందించదు, లే అంటుంది! పౌరుషం కొద్దీ లేచింది. మళ్ళీ పడింది. "రత్నం లే." మళ్ళీ లేచింది. ఆ చలికాలమంతా ఇదే వరస. ఎంత దెబ్బ తగిలినా ఆ మాట చెవిన పడితే చాలు, లోలోపల ముసలిదాన్ని తిట్టుకుంటూ లేచి నిలబడేది. అలా లేచీ లేచీ ఆట వచ్చేసింది.

అసలు సంగతి బయటపడ్డ తీరు వింటే మీరూ నవ్వుతారు. ఒకరోజు ఆవిడ ఇంటికి బాగా పెద్దాయన, ఒక లామా, టీకి వచ్చాడు. తివాచీ మీద గోడకి జేరబడి హాయిగా కూర్చున్నాడు. ఆవిడ టీ గిన్నె అందిస్తూ "లామా లే" అంది. అయ్యో పాపం, ఈ వయసులో ఈయన్నీ లేవమంటోందే అని రత్నానికి జాలేసింది. గబగబా వెళ్ళి, ఆయన చంకల కింద చేతులేసి, అమాంతం లేపి నిలబెట్టేసింది.

టీ ఒలికింది. లామా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంట్లోవాళ్ళు ముందు బిత్తరపోయారు. సంగతి తెలిశాక పొట్టలు పట్టుకుని నవ్వారు. లామా కూడా నవ్వాడు, నిలబడే.

లే అంటే వాళ్ళ భాషలో 'గారు'. అంతే. లామాగారూ, టీ తీసుకోండి అందావిడ. ఆబీ అంటే అవ్వ, ఆబీలే అంటే అవ్వగారు. అదంతా కలిపి ఆవిడ పేరే అనుకుంటోంది మన పిల్ల.

అందరూ నవ్వుతుంటే రత్నం మాత్రం నవ్వలేకపోయింది. బయటికెళ్ళి గోడవార నిలబడి ఏడ్చింది. అంటే పడ్డ ప్రతిసారీ ఆవిడ తనని రత్నంగారూ అని పిలిచిందన్నమాట! గెలిచినవాళ్ళని గారూ అని ఎవరైనా అంటారు. వెల్లకిలా పడి ఉన్నప్పుడు అన్నవాళ్ళని ఆమె అంతవరకూ చూడలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ మాట వేదమైపోయింది.

ఇదంతా పాత సంగతి. ఇవాళ్టికొద్దాం.

చలికాలం ఇంకా మొదట్లోనే ఉంది. సరస్సు ఈమధ్యే గడ్డకట్టింది. రాత్రంతా మంచు కురిసి తెల్లవారుజామున ఆగింది. ఒడ్డేదో సరస్సేదో తెలియడం లేదు. కొండలు సగం దాకానే ఉన్నాయి, పైసగం తెలుపులో కలిసిపోయింది. అడుగు వేస్తే చప్పుడు లేదు. ఇంకా రాత్రి కల్లోనే నడుస్తున్నానేమో అనిపించి రత్నం ఒకసారి చెయ్యి గిల్లుకుంది. చేతికి తొడుగు ఉంది కదా, ఏమీ తెలియలేదు.

ఆబీలే ఒడ్డున ఒక రాతి మీద కూర్చుని నడుముకి తాడు కట్టుకుంటోంది. పక్కన ఇనుప గునపం, ఒక పొడుగు పుల్లల చీపురు ఉన్నాయి.

"ఆబీలే, మిమ్మల్ని ఒకటి అడగాలి."

"అడుగు."

"ఆ లీగ్ వాళ్ళు మధ్యాహ్నం ఫోన్ చేస్తారు. వెళ్తే ఇంటి దగ్గర ఉద్యోగం పోతుంది. అదీ పోయి, ఇదీ పోతే నేనేమైపోవాలి? మీరు చెప్పండి. ఆ లీగ్ నిలుస్తుందా?"

ఆబీలే ముడి బిగించి ఒకసారి గుంజి చూసుకుంది. తాడు రెండో కొస తెచ్చి రత్నం చేతిలో పెట్టింది.

"పట్టుకో," అంది.

గునపంతో ముందు పొడిచి చూసుకుంటూ, ఒక్కొక్క అడుగే వేస్తూ సరస్సు మీదికి వెళ్ళింది. కాసేపటికి ఆ తెలుపులో ఒక చిన్న నల్ల చుక్కయిపోయింది. రత్నం తాడు పట్టుకుని నిలబడింది. చాలాదూరం వెళ్ళాక ఆవిడ వంగి, ఐసుకి చిన్న కన్నం పొడిచి, అందులో చెయ్యి పెట్టి మందం కొలుచుకుంది. తాపీగా వెనక్కి నడిచొచ్చింది.

"నాలుగు వేళ్ళు," అంది. "మనిద్దరిలో ఒకరికి సరిపోతుంది. అందరూ ఆడాలంటే జానెడు ఉండాలి."

"అయితే కొన్నాళ్ళు ఆగుదాం ఆబీలే. ఇంత మంచు పడింది కదా. అది కూడా కలిసి గడ్డకడితే జానెడు దానంతటదే అవుతుంది."

చేపల మీద ఎంత ఐసు దట్టిస్తే అంత చల్లదనమని చూస్తూ పెరిగిన పిల్ల. ఆమె తెలివి అటే వెళ్తుంది మరి.

ఆబీలే అదోలా చూసింది. చీపురు తీసి ఒడ్డు వారగా నాలుగుసార్లు తుడిచింది. మంచు పోయి నల్లగా మెరుస్తూ ఐసు బయటపడింది.

"పైన పడ్డ మంచు దుప్పటి లాంటిది," అంది. "దుప్పటి కప్పుకున్నవాళ్ళకి చలెందుకు వేస్తుంది? నీళ్ళు వెచ్చగా పడుకుంటాయి. ఐసు ఉన్నంతే ఉంటుంది. ఇంకా మంచు పడితే ఉన్నదీ పాడవుతుంది."

ఈ విద్య ఆవిడకి ఎలా వచ్చిందో ఊళ్ళోవాళ్ళు చెబుతారు, ఆవిడ చెప్పుకోదు. ఆవిడ పడుచుదిగా ఉన్న రోజుల్లో సరస్సు మగవాళ్ళది. ఐసు గట్టిపడ్డాక ఆడపిల్ల దాని మీద కాలు పెడితే కసిరి తరిమేసేవాళ్ళు. అందుకని యాంగ్‌జోరూ, ఆవిడ స్నేహితురాళ్ళూ ఐసు పలచగా ఉన్నప్పుడే వచ్చేవాళ్ళు. అప్పుడైతే కాదనేవాడు ఉండడు, మగవాళ్ళకి భయం కదా! మంచంతా తుడుచుకుని, సైనికులు పారేసిన బూట్లకి ఇనుప పట్టీలు బిగించుకుని ఆడేవాళ్ళు. ఐసు జానెడు కాగానే మగమహారాజులు దిగేవాళ్ళు. "ఈ ఏడు తొందరగా గట్టిపడిందిరోయ్" అని సంతోషపడేవాళ్ళు. ఎందుకు గట్టిపడిందో ఒక్కడికైనా తోచిందా అంటే, లేదు.

రత్నం ఆ నల్లటి చారవైపూ, దాని అవతల అంతులేని తెలుపువైపూ చూసింది.

"అది కాదు ఆబీలే. తుడవాలంటే మనిషి దాని మీద నిలబడాలి. నిలబడాలంటే ముందు అది గట్టిపడాలి. గట్టిపడాలంటే తుడవాలంటారు. ఇదెక్కడి గోల?"

ఆబీలే తన నడుము నుంచి తాడు విప్పి రత్నం నడుముకి కట్టింది. చీపురు చేతికిచ్చింది.

రత్నానికి ఉక్రోషం వచ్చింది. ఇంట్లో చీపురు తప్పించుకుందామనే కదా హాకీ కర్ర పట్టింది! సముద్రాల అవతల నుంచి రమ్మని పిలుస్తున్న గోల్‌కీపర్, తీరా గురువు దగ్గరికొస్తే చేతికి చీపురు! పైగా మనసులో ఉన్న ప్రశ్నకి జవాబు లేనే లేదు.

"విరిగితే?" అంది.

"లాగుతాను."

"మీరా? నన్నా?"

"లాగలేకపోతే నేనూ వస్తాను," అంది ఆబీలే, నోట్లో ఒక ఆప్రికాట్ వేసుకుంటూ.

ఇంక ఏమంటుంది? వెళ్ళింది. మొదట భయంభయంగా, కాళ్ళు ఈడుస్తూ తుడిచింది. పొడి మంచు దూదిలా లేచి పక్కకి పడుతోంది. కింద ఐసు అద్దంలా ఉంది. అందులోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. పైకి రాబోయి మధ్యలోనే ఆగిపోయిన గాలిబుడగలు, ఒక ఎండుటాకు, అంతకు కింద అంతా చీకటి. ఆ చీకటి మీద తను నిలబడి ఉంది. తల తిరిగినట్టయింది. తుడిచిన మేర అలా అలా పెరుగుతోంది. ఒడ్డు దూరమైపోయింది. ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా మరిచిపోయి, చీపురు చప్పుడు వింటూ నిద్రలో నడిచేదానిలా తుడుచుకుంటూ పోయింది.

అప్పుడు ఐసు మూలిగింది.

అడుగు నుంచి ఎక్కడో మొదలై, సరస్సు ఈ కొస నుంచి ఆ కొసదాకా సాగి, కొండల్లోకి వెళ్ళి ఆరిపోయింది ఆ మూలుగు. రత్నం కొయ్యబారిపోయింది. లీగ్ వద్దు, ఏమీ వద్దు, విశాఖలో ఫ్యాన్ కింద ఆ కుర్చీలో కూర్చుంటే చాలు అనిపించింది. నిజంగానే అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆబీలే!" అని కేక పెట్టింది. "నిలుస్తుందా?"

ఐసు గురించి అడిగిందో, లీగ్ గురించి అడిగిందో ఆమెకే తెలియదు.

ఒడ్డు మీది నుంచి ఆబీలే గొంతు తాపీగా వచ్చింది.

"చీపురు నీ చేతిలోనే ఉందిగా!"

రత్నం కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. ఎండ వచ్చింది. ఆ వెలుగులో సరస్సు మీద నల్లటి నేల అంతకంతకూ విశాలమైంది. ఐసు ఇంకా ఒకటి రెండుసార్లు మూలిగింది. ఆమె ఆగింది, విన్నది, మళ్ళీ తుడిచింది.

కోటు జేబులో ఫోను మోగినప్పుడు ఆమె సరస్సుకి సరిగ్గా నడిమధ్యన ఉంది. తొడుగు పళ్ళతో లాగి ఫోనెత్తింది.

అవతల ఆవిడ ముందే చెప్పేసింది. "చూడమ్మా, తర్వాత మమ్మల్ని అనుకోకూడదు. ఈ ఏడాదికే మా మాట. పైఏడాది లీగ్ ఉంటుందో ఉండదో నేను చెప్పలేను."

"తెలుసండీ," అంది రత్నం. "వస్తాను."

ఫోను జేబులో వేసుకుని, ఇంకా మంచు కప్పి ఉన్న వైపుకి తిరిగింది.