గవరయ్య మగ్గం

జగ్గప్ప గురువుగారికి ప్రశ్న వేస్తే కూర్చున్నచోటే జవాబు చెప్పే అలవాటు లేదు. యానాంలో గవరయ్య మగ్గం దగ్గర జరిగిన సంగతిని నా తోటి శిష్యుడు నూకరాజు ఇంకోరకంగా చెప్పుకు తిరుగుతున్నాడు. అతను ఆ రోజు అక్కడ లేడు. నేనున్నాను.

యానాంని ఏలే ఫ్రెంచి వాళ్ళకి యుద్ధం వస్తుందని, పటాలంలోకి ఇక్కడి మగవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారని చెప్పుకునే రోజులు. నేతపని చేసే గవరయ్య పేరూ రాశారు. బడి మాస్టారు ఒక ఫ్రెంచి నవల చదివి అతనికి అర్థం చెప్పారట. అందులో యుద్ధం గుమ్మం దాకా వచ్చినా జనం కాఫీలు తాగుతారు, టోపీలు కొంటారు, పోట్లాడుకుంటారు. ఒకాయన మాత్రం తనని కోరుకున్న ఆమెకి సరే అనడు, కాదనడు. యుద్ధం సంగతి తేలనీ అంటాడు.

"అతను చేసింది మంచిదే కదా గురువుగారూ?" అన్నాడు గవరయ్య.

అడిగింది నవల గురించి కాదని మాకందరికీ తెలుసు. పక్కింటి మాణిక్యం అతని మగ్గానికి కండెలు చుడుతుంది. ఆమె తండ్రి వచ్చి పెళ్ళి మాట ఎత్తి నెల దాటింది. ఇతను అవుననలేదు, కాదనలేదు. ఆ నెల్లాళ్ళూ ఆమె కండెల బుట్ట రెండిళ్ళ మధ్య గోడ మీద పెట్టి, కాసేపు నిలబడి వెళ్ళేది. ఇతను లోపలే ఉండి, ఆమె వెళ్ళాక బయటికొచ్చి బుట్ట తీసుకునేవాడు.

"ఆ నవలలో ఆయనకి మగ్గం ఉందా?" అన్నారు గురువుగారు.

"లేదండి."

"అయితే నీ మగ్గమే చూద్దాం, పద." లేచి చెప్పులు వేసుకున్నారు. పదకొండేళ్ళలో నా ప్రశ్నకి ఆయన ఒక్కసారీ లేవలేదు. అది వేరే సంగతి.

నేసిన చీరని గవరయ్య ఆ ఉదయమే కోసి తీశాడు. మగ్గంలో దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళ సందుల్లో పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు జానెడు మిగిల్చి ఉంచాడు. కొత్త పడుగు పోగుల్ని వాటికే అతుకుతారు.

"కొత్త నూలు తెచ్చావా?"

"లేదండి. ఉంటానో వెళతానో తెలీదుగా."

"మరి ఈ చెత్త దేనికి?" అని గురువుగారు కత్తి తీసి ఆ కొసల మీద పెట్టారు.

గవరయ్య చటుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు. గురువుని అలా పట్టుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు. గోడ అవతల మాణిక్యం తిప్పుతున్న రాట్నం ఆగింది.

"కోస్తే మళ్ళీ పోగు పోగూ దూర్చుకోవాలండి. రెండు రోజుల పని," అన్నాడు.

గురువుగారు చెయ్యి విడిపించుకోలేదు.

"రెండు రోజుల పనికే ఇంత గట్టిగా పట్టుకున్నావురా," అన్నారు, గోడ వైపు చూస్తూ.