ఏరు దాటని మందు

ఒక ఏటికి ఈవల ఒక అడవి, ఆవల ఒక అడవి. రెండింట్లోనూ ఒకటే దగ్గు. సాయంత్రంపూట జ్వరం, డొక్కలు లోపలికి పోవడం, ఆఖరికి నెత్తురు. ఈవలివాళ్లు చేదు బెరడు నమిలేవారు, ఆవలివాళ్లు ఏదో వేరు నమిలేవారు. దగ్గు తగ్గేది, మళ్లీ వచ్చేది. పెరటి చెట్టు మందుకు రాదంటారు గానీ, అక్కడ మాత్రం పెరటి చెట్టు తప్ప ఇంకోటి మందే కాదన్నారు.

"దగ్గు అటునుంచే వచ్చింది" అని నక్క రేవు మూయించి, తానే కాపలా కూర్చుంది.

లేడి పిల్లలు ఆవల పినతల్లి దగ్గర చిక్కుకుపోయారు. లేడి రోజూ గట్టున నిలబడి అరిచేది.

"తడిగడ్డి తినకండి నాన్నా! పిన్నికి చెప్పకుండా నీళ్లకెళ్లకండి!"

"నిన్ననే చెప్పావమ్మా!" అని అటునుంచి కేక.

ఒకనాడు దుంగ మీద తేలుతూ, బుగ్గల సంచుల్లో తిండి దాచుకునే బుగ్గలెలుక ఒకటి ఒడ్డుకొచ్చింది.

"ఎవరు తల్లీ నువ్వు?" అడిగింది ఎద్దుతాత.

"సముద్రం అవతలిదాన్ని. ధాన్యపు ఓడలో వచ్చాను. మా దగ్గరా ఇదే దగ్గు. ఉమ్మి వాసన చూసి ఎవరికుందో చెప్తాను. ఆవలి అడవంతా చూసొచ్చాను. లేడమ్మా, నీ పిల్లలకేం లేదు."

"చిన్నాడిది కూడా చూశావా? సరిగ్గా చూశావా?"

నక్క నవ్వింది. "ఆకు మీద ఉమ్మితే జాతకం చెప్తుందట!"

"చూస్తే పోయేదేముంది బావా? దగ్గు లేనివాళ్లు ఏరు దాటొచ్చు. ఉన్నవాళ్లను అడవిలోంచి తోలేద్దాం" అంది ఎద్దు.

అందరూ మోదుగాకుల మీద ఉమ్మి, ఎవరి ఆకు వాళ్లు రాయి కింద పెట్టారు. లేడి రెండాకులు పెట్టింది, ఒకటి గాలికి పోతుందేమోనని.

ఎలుక వరసగా వాసన చూసింది. లేడి ఆకు మంచిదే. నక్క ఆకూ మంచిదే. నక్క తోక పైకి లేచింది.

"పొద్దున ఏం తిన్నావు బావా?" అడిగింది ఎలుక.

"ఏటి పీతలు. ఏం?"

"మరి నోట పచ్చగడ్డి వాసనేంటి? ఇది లేడమ్మ ఉమ్మి."

లేడి తన రాయి కింద చూసుకుంది. రెండో ఆకు లేదు. అందరూ గొల్లుమన్నారు. నక్కా నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఆగలేదు.

"నీలో పెట్టుకుని రేవు మూయించావా!" ఎద్దు కొమ్ములు వంచింది.

"చెబితే తోలేస్తారుగా తాతా!"

ఎద్దు కొమ్ములు మెల్లగా పైకెత్తింది. ఆ మాటన్నది తనే.

"మా దగ్గర మేమూ తోలేశాం" అంది ఎలుక. "వాళ్లు పొదల్లో దాక్కుని దగ్గారు. అందరికీ అంటింది. అది సరే, ఈ బెరడూ ఆ వేరూ కలిపి ఎప్పుడైనా నమిలారా?"

"లేదే! కలిపితే తగ్గుతుందా?"

"నాకూ తెలీదు. చూద్దామనే ఇంత దూరం వచ్చాను."

రేవు తెరిచారు. లేడి నోటి నిండా బెరడు కరుచుకుని ఏరు దాటింది. పిల్లలు ఎదురుగా పరిగెత్తుకొచ్చారు. అమ్మ ఒక్క జాగ్రత్తా చెప్పకపోవడం వాళ్లకదే మొదటిసారి. తిరిగొచ్చేటప్పుడు ఆ నోట నక్క కోసం వేరు ఉంది.

కొన్నాళ్లకే నక్క మందు ఉమ్మేసింది. "దగ్గు ఆగిందిగా!"

"దగ్గు ఆగింది, వాసన ఆగలేదు. నములు" అంది ఎలుక.

చలికాలం గడిచింది. ఒక ఉదయం ఎలుక నక్క ఆకును చాలాసేపు వాసన చూసింది. అందరూ చుట్టూ మూగారు.

"పీతలు" అంది. "ఒట్టి పీతలే!"

దాచిన దగ్గు ఏరు దాటుతుంది, దాచిన మందు దాటదు.