మంచుగిరి పెరట్లో మాంత్రికుడి ప్రాణం

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు శైలేంద్రుడు, రాజ్యం మంచుగిరి. అక్కడ చలి ఎంతంటే, పాలు పితికి ఇంట్లోకి తెచ్చేలోగా చెంబులోనే గడ్డకట్టేవి. ఏడాదిలో సగం రోజులు పెరళ్ళన్నీ మంచు కిందే ఉండేవి.

ఆ జనం తాతముత్తాతలు ఎప్పుడో కింద మైదానం నుంచి మామిడి టెంకలు మూటగట్టుకుని కొండెక్కారు. విత్తనానికి చలి తగలకూడదని చెప్పి పోయారు. అంతే, అదే ఆచారమైపోయింది. ప్రతి ఇంట్లో కుంపటి పక్కన ఒక బుట్ట, బుట్టలో టెంకలు, టెంకల మీద బొంత. ఎండలు రాగానే పెరట్లో నాటేవారు. మొక్క మొలిచేది. మంచు పడగానే చచ్చేది. అందరూ కూర్చుని ఏడ్చేవారు. మరుసటి ఏడు మైదానం నుంచి మళ్ళీ టెంకలు, మళ్ళీ బొంత, మళ్ళీ ఏడుపు. ఇంత బుద్ధిమంతుల్ని మీరెక్కడా చూసి ఉండరు!

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రచండుడు, రెండోవాడు ఉద్దండుడు, మూడోవాడు మకరందుడు. మకరందుడు మంచివాడే కానీ ఒట్టి తికమక మనిషి. ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగి, దారే వంకరగా ఉందనేవాడు. అయినా మంత్రి కూతురు హిమవల్లికి వాడే నచ్చాడు. వాడికీ ఆమె అంటే ప్రాణం.

ఇద్దరూ పెళ్ళిపీటల మీద కూర్చున్నారో లేదో, ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొగలా వచ్చి హిమవల్లిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన కోటలో దించి, "నన్ను పెళ్ళాడు" అన్నాడు.

"నాకు మూడేళ్ళ వ్రతం ఉంది. మూడో ఉగాది దాకా ఆగు" అంది హిమవల్లి. వ్రతమూ లేదు, పాడూ లేదు. మకరందుడు వస్తాడని నమ్మకం, అంతే.

వచ్చాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడని మాత్రం అడక్కండి. వాడికే సరిగ్గా గుర్తులేదు. ఒక సముద్రాన్ని రెండుసార్లు దాటానేమోనని ఇప్పటికీ అనుమానమట. మొత్తానికి కోటలో దూరి, పంజరంలో చిలకని చూసి, దాని పీక పట్టుకున్నాడు.

"ఆగు బాబూ, ఆగు!" అంది చిలక. "మాంత్రికుల ప్రాణం చిలకల్లో ఉంటుందని లోకానికంతా తెలిసిపోయాక ఇంకా ఎవడైనా అక్కడ దాస్తాడా? వాడి ప్రాణం నా గిన్నెలో ఉన్న అక్రోటు కాయలో ఉంది."

మకరందుడు కాయని రాతితో కొట్టాడు. పగల్లేదు. కత్తితో కొట్టాడు. కత్తి వంగింది.

"కొడితే పగలదు. లోపలి మొలక పెరిగి, పెంకు తనంతట తాను విచ్చుకోవాలి. అప్పుడే వాడి మంత్రాలన్నీ పోతాయి" అంది చిలక.

ఆ చప్పుడుకి ధూమ్రకేశుడు లేచి వచ్చాడు. కాయ మకరందుడి చేతిలో చూసి పకపకా నవ్వాడు. "మంచుగిరి వాడివా? తీసుకుపో నాయనా, తీసుకుపో! మీవాళ్ళు దాన్ని బొంత కప్పి ఉడకబెడతారు. నా కోటలో కంటే మీ ఇంట్లోనే దానికి భద్రం. మూడో ఉగాదికి మీ పెరట్లోకే వస్తాను. కాయ మొలవకపోతే మీ అందరి ఎదుటే హిమవల్లి మెళ్ళో తాళి కడతాను."

"రాకుమారా, కాయ నడుముకి కట్టుకో! ఎక్కడో పెట్టి మరచిపోతావు!" అని హిమవల్లి కిటికీలోంచి అరిచింది.

ఇంటికి చేరగానే ప్రచండుడు కాయ లాక్కున్నాడు. "పెద్దవాణ్ణి నేనుండగా నీకేం తెలుసురా?" అని కుంపటి పక్కన ఏడు బొంతలు కప్పి, రోజూ గోరువెచ్చని నీళ్ళు పోశాడు. చలికాలం పోయింది. కాయ కాయలాగే ఉంది.

తరవాతి ఏడు ఉద్దండుడి వంతు. వాడు ఇంకా తెలివైనవాడు. కాయని పొదిగే కోడి కింద పెట్టాడు. కోడి కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఉద్దండుణ్ణి పొడిచి లేచిపోయింది. రెండో ఉగాదీ వెళ్ళిపోయింది.

మూడో ఏడు మకరందుడి వంతు వచ్చింది. ఏం చెయ్యాలో తోచక అడవి అంచున కూర్చున్నాడు. మూటలోని పేలాలు ఉడుతకి కొన్ని, ఎలుగుబంటికి కొన్ని, కాకికి కొన్ని పెట్టి తన గోడు చెప్పుకున్నాడు.

"మంచు పడకముందే మట్టిలో పాతెయ్" అంది ఉడుత.

"నిద్రపుచ్చు. చలిలో కడుపునిండా నిద్రపోనిదే నేనైనా లేవలేను" అంది ఎలుగుబంటి.

"వదిలెయ్. తవ్వి తవ్వి చూడకు" అంది కాకి.

మకరందుడు తల పట్టుకున్నాడు. "ఒకరు పాతమంటారు, ఒకరు నిద్రపుచ్చమంటారు, ఒకరు వదిలెయ్యమంటారు. ఇందులో ఏది చెయ్యను?"

"మూడూ ఒకటే నాయనా!" అంది కాకి.

"మూడూ ఒకటెలా అవుతాయి?"

కాకి కొమ్మకేసి తల కొట్టుకుంది.

ఎందుకైనా మంచిదని మకరందుడు మూడూ చేశాడు. రాజుగారి పెరట్లో గుంట తీసి, ఎండుటాకులు పరిచి, కాయని పాతాడు. పక్కన కూర్చుని జోల పాడాడు. తరవాత లేచి వెళ్ళిపోయాడు. దాని మీద మంచు పడింది.

"చంపేశాడు! విత్తనాన్ని చలిలో పారేశాడు!" అని అన్నలు గుండెలు బాదుకున్నారు. రాణి బొంత తెచ్చి, "కప్పరా తండ్రీ, దానికి చలేస్తుంది" అని ఏడ్చింది. మకరందుడు బొంత తీసుకున్నాడు, మళ్ళీ మడిచి ఇచ్చేశాడు. పార తీసుకున్నాడు, మళ్ళీ గోడకి ఆనించాడు. పొరపాటయితే తన చేతులతో హిమవల్లినే పాతిపెట్టినట్టు కదా అని వాడికి అన్నం సయించేది కాదు.

ఉగాది వచ్చింది. ధూమ్రకేశుడు ఒక చేత్తో తాళి, ఒక చేత్తో హిమవల్లి చెయ్యి పట్టుకుని పెరట్లో దిగాడు.

"ఏదీ మొలక?"

"ఇక్కడే పాతాను... కాదు, అక్కడ" అన్నాడు మకరందుడు. జనమంతా నేల చూస్తూ అటూ ఇటూ తిరిగారు. మాంత్రికుడు నవ్వుతూ ఒక అడుగు ముందుకేశాడు. వాడి కాలి కింద టప్పున చప్పుడైంది.

కాలు తీసి చూస్తే మట్టి పగిలి, కాయ పెంకు తనంతట తాను విచ్చుకుని ఉంది. అందులోంచి వేలెడు మొలక, దానికి రెండు చిట్టి ఆకులు! ధూమ్రకేశుడి జుట్టులో పొగ ఆరిపోయింది. చంకలోని మంత్రపు కర్ర ఉత్త కర్రయింది. పెంకులో దాగిన వాడి ప్రాణం ఇప్పుడు బయట గాలికి వణుకుతోంది.

అంతలో రాజుగారి మేక మెడ చాచుకుంటూ మొలక దగ్గరికి వచ్చింది.

"నా ప్రాణం! మేకని పట్టుకోండి!" అని మాంత్రికుడు కేకపెట్టాడు.

మకరందుడు మేకకేసి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి రెండడుగులు వేశాడు. మేకని ఆపాలా, తిననివ్వాలా? వాడు చస్తే పీడ పోతుంది. కానీ ఇంత దిగులుపడి మొలిపించిన మొక్క!

హిమవల్లి రెండో చేత్తో మేక కొమ్ము పట్టుకుంది. "నువ్వు నా చెయ్యి వదులు. నేను మేకని వదలను" అంది.

మాంత్రికుడు వదిలేశాడు. మోకాళ్ళ మీద పడి, మంత్రపు కర్రని ముక్కలు చేసి మొలక చుట్టూ కంచె కట్టాడు. ఆ పూటే మకరందుడికీ హిమవల్లికీ పెళ్ళయింది. శైలేంద్రుడి తరవాత వాళ్ళే చాలాకాలం రాజ్యమేలారు. జనం విత్తనాలకి బొంతలు మానేశారు. పెరళ్ళ నిండా అక్రోట్లు, ఆల్‌బుఖారాలు, చెర్రీలు, ఎవరూ పేరు పెట్టని పుల్లపుల్లని ఎర్రపళ్ళు కాశాయి. మకరందుడు మాత్రం అదంతా తన జోలపాట మహిమేననేవాడు.

ధూమ్రకేశుడు ఆ పెరట్లోనే ఉండిపోయాడు. చలికాలం చెట్టుకి గడ్డి చుట్టేవాడు. మేకల్ని తోలేవాడు. ఒక్క ఆకు రాలినా గుండె పట్టుకునేవాడు. అలా ఏళ్ళు గడిచి, చెట్టు బుట్టెడు కాయలు కాసింది.

"ధూమ్రకేశా, ఇన్నిట్లో నీ ప్రాణం ఏ కాయలో ఉంది?" అని మకరందుడు అడిగాడు.

ముసలి మాంత్రికుడు ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఇంకొకటి ఆడించాడు. బుట్టలో చెయ్యిపెట్టి అన్నిటినీ కలిపేశాడు.

"తెలియడం లేదు బాబూ" అన్నాడు. చుట్టూ మూగిన పిల్లల ఒళ్ళోకి దోసిళ్ళతో పోశాడు. "కొట్టుకు తినండర్రా. తలా ఒకటి మాత్రం పాతండి."

ఆ రోజు పెరడంతా టపటపా కాయలు పగిలిన చప్పుడే. ధూమ్రకేశుడు ఒక్కసారి కూడా గుండె పట్టుకోలేదు.