తొమాసా అవ్వ మంచినీళ్ళు

అనగనగా అన్నానా, ఎప్పుడని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు. మెక్సికో అనే దూరదేశంలో ఒక కొండూరు ఉండేది. ఆ ఊళ్ళో తొమాసా అని ఒక ముసలమ్మ. మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముకునేది. వెనకా ముందూ ఎవరూ లేరు పాపం.

ఊరంతటికీ ఒక్కటే ఊట. దాని మీద ఆ ఊరి దొర కన్ను పడింది. తన చెరుకు తోటలకు కావాలన్నాడు. చుట్టూ గోడ కట్టించి, తలుపుకు తాళం వేసి, తుపాకీతో కాపలా పెట్టాడు. ఎవడబ్బ సొమ్మని! ఊరివాళ్ళు గుంటలో బురదనీళ్ళు వడగట్టుకుని తాగారు. పిల్లలు జబ్బున పడ్డారు. అయినా అడిగే దమ్ము ఒక్కరికీ లేకపోయింది.

ఇంతలో పెద్దల పండగ వచ్చింది. ఆ రోజుల్లో చనిపోయినవాళ్ళు ఇంటికొస్తారని వాళ్ళ నమ్మకం. ఎంతో దూరం నుంచి దాహంతో వస్తారట. అందుకని బంతిపూలు పరిచి, అన్నిటికంటే ముందు మంచినీళ్ళు పెడతారు. బురదనీళ్ళు ఎలా పెడతారు చెప్పండి?

తొమాసా ఖాళీ ముంత పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. కాపలా ఉన్నవాడు బసీలియో, ఆ ఊరివాడే.

"ఎవరికవ్వా నీళ్ళు?"

"మా ఆయనకు నాయనా. దాహంతో వస్తాడు."

"దొర ఒప్పుకోడు. పో."

పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"ఇవాళెవరికి?"

"నా కూతురికి నాయనా. దాహంతో వస్తుంది."

"చెబితే అర్థం కాదా? పో."

పోయింది. మూడోనాడు మళ్ళీ వచ్చింది.

"ఇవాళెవరికే ముసలీ?"

"మీ అమ్మకురా. నువ్విక్కడ తుపాకీ పట్టుకు నిలబడితే ఆ తల్లికి నీళ్ళెవరు పెడతారు? నేను పెడదామని వచ్చా."

అంత మీసాలున్న బసీలియో వలవలా ఏడ్చేశాడు. తుపాకీ మడమతో తాళం బద్దలుకొట్టాడు.

ఊరు ఊరంతా కడవలతో వచ్చిపడింది. కడుపారా తాగారు. ఆ ఊపులో గోడ కూడా రాయి రాయీ పీకేశారు.

దొర సిపాయిలతో గుర్రమెక్కి వచ్చాడు.

"తాళం పగలగొట్టిందెవరు? కాల్చి పారేస్తా!"

బసీలియో నోరు తెరవబోయాడు. తొమాసా అతన్ని వెనక్కి నెట్టి, "నేనే దొరా" అంది.

రొట్టె విరవాలన్నా చేతులు వణికే మనిషి! దొరకు తెలీదా? తెలుసు. అయినా ఎవరో ఒకరు దొరకాలి కదా. బండెక్కించి తీసుకుపోయారు. జైల్లో వేశారన్నారు, కొండల అవతల వదిలేశారన్నారు, చంపేశారన్నారు. బసీలియో తిరగని ఊరు లేదు. నిజం ఎవరూ చెప్పలేదు.

గోడ మాత్రం మళ్ళీ లేవలేదు. దొర బతిమాలినా, బెదిరించినా, కట్టడానికి ఒక్క మనిషీ రాయి ముట్టలేదు.

మరుసటి పండగకు బసీలియో తొమాసా పేర ముంత నింపాడు. ఆడవాళ్ళు గయ్యిమన్నారు.

"బతికుందేమో! బతికున్న మనిషికి పెద్దల నీళ్ళు పెడతావా? నీ చేతులు పడిపోను!"

"పోయుంటేనో? దాహంతో వెనక్కి పోదూ?" అని ఏడ్చాడు బసీలియో.

అప్పుడే దారిన పోతున్న పరాయి ఊరి ముసలమ్మ ఒకామె ఆగింది. "కాసిని మంచినీళ్ళు పోస్తారా?" అంది. బసీలియో ఆ ముంత ఆమె చేతికిచ్చాడు. గటగటా తాగి, "చల్లగా ఉండు నాయనా" అంది. గయ్యిమన్న ఆడవాళ్ళే ఆ ముంత మళ్ళీ నింపారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పండగనాడు మొదటి ముంత పెద్దలకు కాదు, దారినపోయేవాళ్ళకే. పేరడగరు, ఊరడగరు. "తాగు తొమాసమ్మా, నీ దయవల్లే మేమూ తాగుతున్నాం" అంటారు. వచ్చినవాడు ఆరడుగుల మగాడైనా సరే, అలాగే అంటారు. అతనూ ఊఁ అని తాగి పోతాడు.