చెవుల్లో దూది

పరాంకుశంగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని ముగించి, కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. శాస్త్రం ఎత్తి వాదించడం చేతకాక కాదు, ఆయనకది గిట్టదు.

తునిలో ఆయన దగ్గర గీత చదువుకునే ముకుందం ఒకనాడు ఇలా అడిగాడు. "గురువుగారూ, మా తోడల్లుణ్ణి మూడేళ్ళపాటు ఇంట్లో నోటికొచ్చినట్టల్లా తిట్టాను. పొరపాటు నాదేనని మొన్న తేలింది. వెళ్ళి చేతులు పట్టుకున్నాను, ఆయన కూడా పెద్దమనసు చేసుకున్నాడు. ఇక అక్కడితో సరే కదండీ?"

ఆయన తోటకూర ఏరడం పూర్తిచేసి, వచ్చి కూర్చుని, వకుళ అనే ఆవిడ సంగతి మొదలుపెట్టారు.

వకుళ భర్తకి అస్సాంలో ఉద్యోగం. ఇక్కడ తండ్రి పోయిన రోజున తుఫాను. విమానాలు లేవు, రైళ్ళు లేవు, ఆవిడ రాలేకపోయింది. అన్నగారు ఆగగలిగినన్నాళ్ళు ఆగి దహనం చేసేశాడు. కడసారి చూపు దక్కని కూతురి దుఃఖం మామూలుది కాదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ దుఃఖం మూడేళ్ళపాటు నోటివెంట వచ్చింది. అన్నం కలిపేటప్పుడు, జడ వేసేటప్పుడు, ఫోనులో, గోడ పక్కనవాళ్ళతో, "వాడు అన్నా? మా నాన్నని నాకు చూపించకుండా కాల్చేశాడు" అని కళ్ళు తుడుచుకునేది. పక్కన పిల్లలు ఆడుకుంటూనే ఉండేవారు. పిల్లలకేం తెలుస్తుందని ఆవిడ ధీమా.

ఆ తరవాత తుని నుంచి వచ్చిన ఒక నర్సు అసలు సంగతి చెప్పింది. "మీ అన్నయ్య నడుంలోతు నీళ్ళలో మీరు వచ్చేదాకా నాన్నగారిని ఉంచాలని ఐసు కోసం రెండు రోజులు తిరిగాడమ్మా. కరెంటు లేదు, ఐసు దొరకలేదు." వకుళకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అన్నకి ఫోను చేసి తప్పయిపోయిందని ఏడ్చింది. ఆయన ఒక్క మాటే అన్నాడు, "పిల్లల్ని తీసుకురా. మేనమామ ఒళ్ళో జరగాల్సినవి ఎన్నాళ్ళని ఆపుతావు?"

ఐదేళ్ళ గోదకి చెవులు కుట్టించాలి, మూడేళ్ళవాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. భర్తకి సెలవు దొరకలేదు. ఇద్దర్నీ వేసుకుని ఆవిడొక్కతే గువాహటిలో విమానం ఎక్కింది. సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతూ అప్పుడు చెప్పింది పిల్లకి, "మామయ్య దగ్గరికి వెళ్తున్నాం. నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని చెవులు కుట్టిస్తాడు."

గోద ఏడుపు అందుకుంది. విమానం అప్పటికింకా నేల మీదే ఉంది.

చెవులు దిబ్బడేసి ఉంటాయని తల్లి అనుకుంది. దూది అడిగి తెచ్చి చెవుల్లో పెట్టింది, పిప్పరమెంటు నోట్లో పెట్టింది. ఏడుపు ఆగలేదు. పక్క సీటాయన, ఇంత చిన్నపిల్లల్తో ప్రయాణాలెందుకని హిందీలో విసుక్కున్నాడు. కలకత్తాలో దిగి, చిన్నవాణ్ణి భుజానేసుకుని, వెనక్కి లాగుతున్న పిల్లని ఈడ్చుకుంటూ విశాఖ విమానం ఎక్కింది. అందులో గోద తల్లి చీర మీద కక్కుకుంది. ఆ చీరతోనే దిగి, టాక్సీలో తుని చేరింది. అన్నయ్యకి మొహం చూపించుకోవాలంటే ఈ మాత్రం పడాల్సిందే అనుకుందట. పిల్ల ఎందుకు ఏడుస్తోందో పిల్లని అడగలేదు.

మర్నాడు ఉదయం పీట వేశారు. అన్నగారు కొత్త పంచె కట్టుకుని తూర్పుముఖంగా కూర్చుని ఒడి సర్దుకున్నాడు. కంసాలి బంగారు తీగ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చుట్టాలంతా చూస్తున్నారు. గోద తల్లి కాళ్ళు వాటేసుకుని వదల్లేదు. "రా తల్లీ, నొప్పి పుట్టనివ్వను" అని ఆయన చేతులు చాపాడు.

"తాతయ్యని కాల్చేసింది నువ్వే కదా" అంది పిల్ల. "నన్నూ కాలుస్తావు."

వకుళ నవ్వు తెచ్చుకుంది. పిల్లని దగ్గరికి తీసుకుని, "అదంతా కోపంలో అన్నానమ్మా, నిజం కాదు, మామయ్య చాలా మంచివాడు" అని పదిసార్లు చెప్పింది.

పిల్ల అనుమానంగా చూసింది. "అప్పుడు ఏడుస్తూ చెప్పావుగా. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నావు."

అక్కని చూసి చిన్నవాడూ రాగం అందుకున్నాడు. బలవంతపెట్టవద్దని అన్నగారే కంసాలిని పంపేశాడు. ఉన్న నాలుగు రోజులూ ఆయన గదిలోకి వస్తే పిల్లలు ఇవతలికి వచ్చేసేవారు. బయల్దేరే రోజున వకుళ అన్న కాళ్ళ మీద పడి ఏడ్చింది. నా మనసులో ఏమీ లేదమ్మా అన్నాడాయన. అది నిజమే. తిరుగు ప్రయాణంలో గోద రెండు విమానాల్లోనూ తల్లి ఒళ్ళో హాయిగా నిద్రపోయింది. చెవుల్లో దూది పెట్టే పనే పడలేదని, ఆ రోజు తన ప్రాణం పోయినంత పనయిందని వకుళ తరవాత ఫోనులో చెప్పుకుంది.

 ముకుందం ఇంట్లో ఏడేళ్ళవాడొకడు, నాలుగేళ్ళదొకతె ఉన్నారు. అతను అడిగాడు. "ఆ తరవాతైనా పిల్ల ఆయన దగ్గరికి వెళ్ళిందాండీ?"

పరాంకుశంగారు పంచె అంచు సర్దుకున్నారు.

"కిందటి నెల పెళ్ళయింది నాయనా. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది మేనమామ కదా. నన్ను పిలవలేదు."