తెగినా విసిరిన తోక

ఒకప్పుడు బల్లి తోక తెగేది కాదు. తాటిమట్టలా గట్టిగా ఉండేది. ఆ గట్టితనమే ఓదెలు అనే బల్లి కొంప ముంచింది.

ఓదెలు పుట్టింది ఉడుము దొర పుట్టలో. "నా పుట్టలో పుట్టినవాడు నావాడే" అన్నాడు దొర. అంతే, అదే న్యాయం. ఓదెలు తోక మొదలును రెండు బండరాళ్ల మధ్య ఇరికించాడు. దొర కునుకు తీసినంతసేపూ ఓదెలు ఆ తోకతో విసరాలి. గాలి ఆగిందా, వీపు చిట్లేది.

"నీ బాంచెను దొరా" అనడం తప్ప ఓదెలుకు వేరే మాట రాదు. పైగా దొర ఎప్పుడైనా "నీ తోకలాంటి తోక లేదురా" అంటే పొంగిపోయేవాడు.

అతని పెళ్లాం కొమురమ్మ బయట రాతిగోడ మీద బతికేది. రోజూ దోమలు పట్టి మొగుడికి తెచ్చి పెట్టేది. ఆమె కడుపుతో ఉందని దొర కనిపెట్టాడు.

"రేపు వచ్చి నా పుట్టలోనే గుడ్లు పెట్టు. విసరడానికి ఇంకా తోకలు కావాలి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం దొర గుర్రుపెట్టగానే కొమురమ్మ మొగుడి పక్కకు చేరింది. "బండ కదలదు. నీ తోక కొరికేస్తా."

"తోక లేని బల్లినా? నలుగురూ నవ్వుతారే."

"నవ్వనీ. తోకున్నోడివని ఇప్పుడెవరు దండం పెడుతున్నారయ్యా నీకు?"

ఓదెలు దొర వైపు చూశాడు. "గాలి ఆగితే దొర లేస్తాడు" అన్నాడు.

"ఆపకు. విసురుతూనే ఉండు."

రాళ్లకూ ఒంటికీ మధ్య కొమురమ్మ కొరికింది. ఆమె పళ్లు విరిగాయి. నోరంతా నెత్తురు. ఓదెలు అరుపును గొంతులోనే మింగి విసురుతూనే ఉన్నాడు. ఎముక ఫట్‌మంది.

ఇద్దరూ పరుగెత్తి గోడ ఎక్కారు. ఓదెలు వెనక్కి చూశాడు. తెగిన తోక రాళ్ల మధ్య నుంచి ఇంకా దొరకు విసురుతోంది.

"చూశావా, నేను లేకపోయినా ఎంత బాగా విసురుతోందో" అన్నాడు కాస్త గర్వంగా.

కొమురమ్మకు ఒళ్లు మండింది. "నీ బుద్ధిని కూడా కొరికి అక్కడే పారేయాల్సింది" అంది.

తోక ఆగాక దొర లేచాడు. "ఎందుకు ఆపావురా" అని ఆ తోకనే చితకబాదాడు.

కొమురమ్మ గోడ పగులులో గుడ్లు పెట్టింది. పుట్టిన ప్రతి పిల్లకూ తోక మొదట్లో, తండ్రికి తల్లి పళ్లు దిగిన చోటే, చిన్న గాటు ఉంది.

అప్పటినుంచే ఎవరు పట్టుకున్నా బల్లి తోక వదిలేసి పారిపోతుంది. కొరికిపెట్టేవాళ్లు రానక్కర్లేదు. మళ్లీ మొలిచేది మొండి తోకే అయినా దానికి చింత లేదు. తెగిపడిన తోక మాత్రం ఇప్పటికీ నేలమీద కొట్టుకుంటుంది. దొర నిద్ర చెడుతుందేమోనని దానికి ఇంకా భయం.